వాద్యం చేసినవారి పేరు

మా విద్యానగరులో చదువుకు కొదవ లేదు. ఒకవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం. మరొకవైపు బాగ్‌లింగంపల్లి దాటితే చిక్కడపల్లి, అశోక్‌నగరు. అక్కడి కేంద్ర గ్రంథాలయం ముందు, ఉద్యోగ పరీక్షల శిక్షణాలయాల మెట్ల మీద, టీ కొట్ల దగ్గర, ఏ వేళ చూసినా పుస్తకం పట్టుకొన్న యువకులే కనిపిస్తారు. విద్య అంటే చదివి జ్ఞాపకం ఉంచుకొనేది అన్న నిర్వచనానికి ఇంతకంటె సజీవమైన సాక్ష్యం ఉండదు. అటువంటి పేటలో కూర్చొని నేనొక గిటారు తయారుచేశాను. నా చేతులతో చేసిన మొట్టమొదటి వాద్యం. అది గొప్పగా ఏమీ పలకదు. అయినా ఆ పని సాగినంతకాలం ఒక ప్రశ్న నన్ను వదలలేదు. సంగీతానికి ఇంత గౌరవమిచ్చే మనం, ఆ సంగీతం పుట్టే వస్తువును చేసే చేతిని ఎందుకింత సులువుగా మరచిపోయాము?

గిటారు చూపులకు సాదా వస్తువే. ఒక పెట్టె, ఒక మెడ, ఆరు తీగెలు. కాని ఆ ఆరు ఉక్కు తీగెలనూ శ్రుతికి బిగించినప్పుడు వాటి మొత్తం లాగుడు సుమారు 70 కిలోల బరువుకు సమానం. అంటే ఒక మనిషి బరువు. దానిని రాత్రింబవళ్ళు భరించవలసినది 3 మిల్లీమీటర్ల మందమైనా లేని పైపలక. అది మందంగా ఉంటే బరువు మోస్తుంది గాని నోరు విప్పదు. పలుచగా ఉంటే నోరు విప్పుతుంది గాని కొన్నాళ్ళకు ఉబ్బి వంగిపోతుంది. అందుకే దాని అడుగున సన్నని కర్రబద్దలు అతికిస్తారు. అమెరికాలో 1833 నుండి గిటార్లు చేస్తున్న మార్టిన్ సంస్థ 1840ల్లో ఈ బద్దలను ఇంటూ గుర్తు ఆకారంలో అమర్చడం మొదలుపెట్టింది. నేటి ఉక్కుతీగెల గిటార్లలో అధికభాగం ఆ పద్ధతిలో చేసినవే.

మొదటిసారి చేసేవాడు దాదాపు ఎప్పుడూ మందంగానే చేస్తాడు. నేనూ అంతే చేశాను. విరిగిపోతుందేమోనన్న భయం చిత్రిక పట్టే చేతిని పట్టి ఆపుతుంది. ఇంకొక అరమిల్లీమీటరు తీయవచ్చునని చెవి చెబుతూనే ఉంటుంది, చేయి మాత్రం సాహసించదు. పుస్తకాలలో కొలతలన్నీ ఉన్నాయి. ఎక్కడ ఆగాలో మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు. ఎందుకంటే ఒకే చెట్టు నుండి కోసిన రెండు పలకలు కూడా ఒకే తీరున ఉండవు.

ఇక్కడ మా వీథి వడ్రంగి చారిగారిని తలచుకోవాలి. నేను స్కేలు పెట్టి మందం కొలుచుకొంటూ ఉంటే ఆయన కాసేపు చూసి, “సారూ, కర్రను కొలుసుడు గాదు, ఇనాలె. గిట్ల పట్టుకొని కొట్టి ఇనుర్రి,” అన్నారు. పలకను రెండు వేళ్ళ మధ్య వేలాడదీసి, వేలి కణుపుతో తట్టి చూపించారు. ఆయన జీవితంలో గిటారు చేసినవారు కాదు. తలుపులు, బీరువాలు చేసిన మనిషి. కాని ఏ కర్ర లోపల పుచ్చి ఉందో, ఏది గట్టిదో తట్టి తెలుసుకోవడం ఆయనకు అలవాటు. ప్రపంచంలోని గిటారు శిల్పులు చేసేదీ ఇదే. పలకను తడుతూ, వింటూ, తీస్తూ పోతారు. ఆ విద్యను మా పేటలో ఏ గ్రంథాలయంలోనూ కాక, రంపంపొట్టు నిండిన ఒక రేకుల షెడ్డులో నేర్చుకొన్నాను.

పైపలక ప్రాధాన్యాన్ని లోకానికి చాటిన ఉదంతం ఒకటి ఉన్నది. స్పెయిన్ దేశస్థుడైన ఆంటోనియో దె టోరెస్ (1817-1892) వడ్రంగం నేర్చి గిటార్లు చేయడానికి వచ్చినవాడు. నేటి శాస్త్రీయ గిటారు రూపురేఖలు చాలామటుకు ఆయన స్థిరపరచినవే. 1862లో ఆయన ఒక విచిత్రమైన గిటారు చేశాడు. పైపలక మాత్రం మంచి కర్ర. వెనుకభాగమూ పక్కలూ కాగితపు గుజ్జుతో చేసిన అట్ట. ధ్వనికి ప్రాణం పైపలకలో ఉన్నదని నిరూపించడమే ఆయన ఉద్దేశం. ఆ వాద్యం నేటికీ బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో ఉన్నది. ఒక సిద్ధాంతాన్ని గ్రంథంగా రాయకుండా వస్తువుగా చేసి చూపించిన ఆ మనిషిని పండితుడు అనడానికి నాకెటువంటి సంకోచమూ లేదు.

ఇక మెట్ల సంగతి. గిటారు మెట్లకు లెక్క ఉన్నది. తీగె పొడవు 650 మిల్లీమీటర్లు అనుకొందాం. దానిని 17.817తో భాగిస్తే 36.48 వస్తుంది. మొదటి మెట్టు అంత దూరాన ఉండాలి. మిగిలిన 613.52ను మళ్ళీ అదే సంఖ్యతో భాగిస్తే 34.43, అక్కడ రెండో మెట్టు. ఇలా పన్నెండుసార్లు చేస్తే సరిగ్గా సగానికి, 325 దగ్గరకు చేరతాము. అదే పై షడ్జం. ఇంత చక్కని లెక్క కూడా చివరకు చెవి ముందు తలవంచక తప్పదు. తీగెను మెట్టు మీద అదిమినప్పుడు అది కొంచెం సాగి, శ్రుతి కొంచెం హెచ్చుతుంది. దానిని సరిచేయడానికి అవతలి కొసన తీగె ఆనే చోటును 2, 3 మిల్లీమీటర్లు వెనుకకు జరపాలి. ఎంత జరపాలో తీగెను బట్టి, దాని ఎత్తును బట్టి మారుతుంది.

మన వీణలో అయితే ఆ పని మొత్తం చెవిదే. తేనెమైనం, బొగ్గుపొడి కలిపిన మేళం మీద 24 మెట్లను నిలుపుతారు. మైనం మెత్తగా ఉన్నప్పుడు ఒక్కొక్క మెట్టునూ వెంట్రుకవాసి ముందుకో వెనుకకో జరిపి, మీటి, విని, స్థానం ఖాయం చేస్తారు. కాలక్రమాన మైనం సడలితే మళ్ళీ మేళం కట్టాలి. ఆ కట్టేవారికి స్వరజ్ఞానం లేకపోతే ఎంత గొప్ప వైణికుడి వేళ్ళయినా అపస్వరమే పలికిస్తాయి. మరి అంతటి స్వరజ్ఞానం గలవారిని మనం విద్వాంసులని ఏనాడైనా అన్నామా?

విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు తరాలుగా వీణలు చేస్తున్నారు. పనస మొద్దును ఒకటి తీసుకొని, అతుకు లేకుండా కుండ, దండి అన్నీ అందులోనే తొలిచే ఏకాండి వీణ వారి ప్రత్యేకత. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఊరికి పేరు వచ్చింది, వస్తువుకు పేరు వచ్చింది. కాని ఈమని శంకరశాస్త్రిగారి పేరు, చిట్టిబాబుగారి పేరు భక్తితో తలచుకొనే సభలో, వారి వొడిలోని వీణలను చేసినదెవరని అడిగి చూడండి. సభ నిశ్శబ్దమైపోతుంది.

ఈ మరపు యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. శతాబ్దాలుగా మనం పనిని కొన్ని కులాలకు, విద్యను కొన్ని కులాలకు పంచిపెట్టి, మొదటిదాని కంటె రెండవది గొప్పదని నిర్ణయించుకొన్నాము. ఉలి పట్టినవాడిది పని, పుస్తకం పట్టినవాడిది జ్ఞానం. ఆ గీత నేటికీ చెరగలేదు. చారిగారి అబ్బాయి అశోక్‌నగరులో గ్రూప్స్ పరీక్షలకు చదువుకొంటున్నాడు. చదువుకోవలసిందే, ఆ హక్కు కోసం వారు ఎంతో పోరాడారు. చేతిపనిలోనే ఉండిపొమ్మని అతనికి చెప్పే అర్హత, సరదాకు గిటారు చేసుకొన్న నాబోటివాడికి లేదు. కాని తండ్రి చెవిలో ఉన్నది కూడా విద్యేనని అతనికి ఏ పాఠమూ చెప్పకపోవడం మాత్రం మన సమాజపు లోపమే.

ఇక నా పరాజయం గురించి. వెనుక పలకకు బద్దలు అతికించినది శ్రావణమాసంలో, ముసురు పట్టిన రోజుల్లో. కర్ర గాలిలోని తేమను పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది. నార వెంబడి మాత్రం దాదాపు మారదు. అందువల్ల ఉబ్బి ఉన్న పలకకు అడ్డంగా బద్ద అతికిస్తే, తరువాత పలక ముడుచుకోవాలని చూసినా బద్ద ముడుచుకోనివ్వదు. ఏప్రిల్ ఎండలకు సరిగ్గా అదే జరిగింది. ఒక మధ్యాహ్నం గోడకు తగిలించిన గిటారు నుండి ఠప్పుమని చప్పుడు వచ్చింది. చూస్తే వెనుక పలక నిలువునా జానెడు పగిలి ఉంది. అనుభవజ్ఞులు తమ గదిలో తేమను 45 శాతం దగ్గర ఉంచి అతుకులు పెడతారని చదివే ఉన్నాను. చదివినది చేతికి దిగడానికి ఒక పలక పగలవలసి వచ్చింది. పగులులో సన్నని కర్రచీలిక పొదిగి అతికించాను. ఆ మచ్చ ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

గిటారు మనది కాదు కదా, దానికింత ఆరాటమెందుకని కొందరు మిత్రులు అడిగారు. వయొలిన్ కూడా మనది కాదు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది మనదయింది. పాలకొల్లు బాలుడు శ్రీనివాస్ చేతిలో మాండొలిన్ మనదయింది. పైగా గిటారు కర్రలో మన అడవి ఉన్నది. బ్రెజిల్ రోజ్‌వుడ్ దుర్లభమయ్యాక, 1969 నుండి మార్టిన్ సంస్థ తన గిటార్లకు భారతదేశపు రోజ్‌వుడ్‌ను వాడసాగింది. మనం ఇరుగుడు అనే చెట్టు అదే.

యంత్రాలు ఇంతకంటె నిర్దుష్టంగా, చవకగా చేస్తున్నాయి గదా అన్నది మరొక ఆక్షేపణ. నిజమే. వాయించడానికి మాత్రమే కావాలంటే కొనుక్కోవడమే వివేకం. కాని ఒక్కసారి చేసి చూసినవాడు తరువాత ఏ వాద్యాన్నీ వెనుకటిలా వినలేడు. ప్రతి నాదం వెనుకా ఎవరో ఎక్కడో తీయడం ఆపిన అరమిల్లీమీటరు ఉన్నదని తెలుస్తుంది.

గిటారు చేసినవారిలో ఒక మంచి ఆచారం ఉన్నది. పెట్టె లోపల, రంధ్రంలో నుండి కనబడేటట్లు, చేసినవారి పేరు, సంవత్సరం రాసిన చీటీ అతికిస్తారు. టోరెస్ కూడా అతికించేవాడు. నేనూ ఒక చీటీ అతికించాను. దాని మీద నా పేరుకంటె ముందు చారిగారి పేరు రాశాను. ఆయన తొంగిచూసి చదువుకొని, “నా పేరెందుకు సారూ, గింత పగిలినదాని మీద?” అని నవ్వారు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో మరొకచోటనో వీణ కచేరీ జరిగినప్పుడు, ఆహ్వానపత్రంలో వైణికుల పేరు, మృదంగ విద్వాంసుల పేరు వేస్తాము. వాటి కింద ఒక పంక్తి చేర్చుదాం: వీణ చేసినవారు ఫలానా, ఊరు ఫలానా. సంగీతం నేర్పే గురువులు ఏడాదికొక రోజు తమ శిష్యులను మేళం కట్టేవారి దగ్గర కూర్చోబెట్టాలి. ఖర్చు లేని పనులు ఇవి. ఆ ఒక్క పంక్తి అచ్చయిన రోజున, విద్యానగరు అన్న పేరులోని విద్యకు మరికొంత అర్థం చేరుతుందని నా నమ్మకం.