పెరటికీ తగులుతుంది వడదెబ్బ!

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండకి ఇంట్లోవాళ్లంతా ఫ్యాను కిందికో కూలరు ముందుకో చేరిపోతారు. మరి పెరట్లో ఉన్న కోళ్లూ కుక్కా మందారమొక్కా ఎక్కడికెళ్తాయి? మిట్టమధ్యాహ్నం వాటి అవస్థ చూసి జాలితో చేసే పనులు ఒక్కోసారి మేలుకన్నా కీడే చేస్తాయి. అందుకే ఏర్పాట్లన్నీ ఎండెక్కక ముందే పూర్తవ్వాలి.

కోళ్లకు...

కోళ్లకు చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ ఒంట్లోని వేడిని బయటికి పంపుతాయి. గాల్లో తేమ ఎక్కువగా ఉండే కోస్తా జిల్లాల్లో ఆ ఉపాయమూ అంతగా పనిచేయదు. అదేపనిగా రొప్పితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేసవిలో గుడ్డు పెంకు పల్చబడటానికి అదీ ఓ కారణమే.

తిన్నది అరిగేటప్పుడూ ఒంట్లో వేడి పుడుతుంది. కాబట్టి గింజలు తెల్లవారుజామునా పొద్దు వాలాకా వేయాలి. మధ్యాహ్నం వేయకూడదు. నీళ్లు మాత్రం రోజంతా ఉండాలి. మట్టి మూకుడులో పోసి నీడలో పెట్టి, రెండు మూడుసార్లు మార్చాలి. వేడెక్కిన నీటిని కోళ్లు సరిగా తాగవు.

రేకుల గూడైతే పైన తాటాకులో వరిగడ్డో పరిచి నీళ్లు చల్లాలి. రాత్రిళ్లు గంప కింద కమ్మే అలవాటుంటే, ఒకే గంపలో ఎక్కువ కోళ్లను కుక్కకుండా గాలాడేలా చూడాలి. రెక్కలు చాచి కూలబడిన కోడిని వెంటనే నీడకు చేర్చి, కాళ్లను మామూలు నీళ్లతో తడపాలి. ఐసు నీళ్లు వాడకూడదు.

కుక్కకు...

కుక్కకు పాదాల అడుగున తప్ప పెద్దగా చెమట పట్టదు. దాన్ని ఎండలో గొలుసుతో కట్టేయడం ప్రమాదం. బయటికి తీసుకెళ్లేముందు అరచేతి వెనకభాగాన్ని రోడ్డుకు ఆనించి చూడాలి. ఆ వేడికి చేయి ఆగలేకపోతే పాదాలూ కాలతాయి. నురగ కక్కుతూ తూలుతుంటే ఒళ్లు తడిపి, గాలి తగిలేలా చేసి, పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

మొక్కలకు...

మధ్యాహ్నం ఆకులు వాలిపోగానే బక్కెట్టెడు నీళ్లు పోసేస్తుంటారు చాలామంది. చాలాసార్లు అది దాహం కాదు, వేళ్లు అందించేదానికన్నా ఆకుల నుంచి ఎక్కువ నీరు ఆవిరైపోవడం. సాయంత్రానికి అవే లేచి నిలబడతాయి. తెల్లవారాక కూడా వాలే ఉంటే అప్పుడు వేలు మట్టిలోకి గుచ్చి చూడాలి. లోపల పొడిగా ఉంటేనే నీళ్లు కావాలని అర్థం. తడిగా ఉన్నా పోస్తూపోతే వేళ్లు కుళ్లిపోతాయి.

నీళ్లు పొద్దున్నే, మొదట్లో నిదానంగా పోయాలి. ఎండుటాకులో కొబ్బరిపీచో రెండంగుళాల మందాన మట్టిమీద పరిస్తే తేమ నిలుస్తుంది. అయితే అది కాండానికి తగలకూడదు. డాబా మీది కుండీలను ఇటుకల మీద, దగ్గర దగ్గరగా పెడితే ఒకదాని నీడ మరోదానికి అందుతుంది. ఎరువులు వేయడం, కొమ్మలు కత్తిరించడం, కుండీ మార్చడం లాంటివన్నీ తొలకరి దాకా ఆపాలి.

చివరగా, పిట్టగోడ మీద నీళ్ల మూకుడొకటి ఉంచి అందులో రాయి వేస్తే పిచ్చుకలు దానిమీద వాలి తాగుతాయి. రోజూ పొద్దున్నే ఓ అరగంట కేటాయిస్తే ఈ పనులన్నీ అయిపోతాయి. మూకుడులో నీళ్లు మార్చే పని పిల్లలకు అప్పగించండి, సరదాగా చేస్తారు.