తేదీ తప్పినప్పుడల్లా తరిగే ఆశ

రేపటి మీద ఆశ మనిషి స్వభావాన్ని బట్టి ఉంటుందనేది సగం నిజం. చుట్టుపక్కల వాళ్లకు ఏం జరుగుతోందన్నదే దాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. రిజర్వు బ్యాంకు నగరాల్లో జరిపే వినియోగదారుల విశ్వాస సర్వేలో ఇప్పటి పరిస్థితికి ఒక సూచీ, ఏడాది తర్వాతి అంచనాకు మరో సూచీ ఉంటాయి. వంద దాటితే ఆశ, తగ్గితే నిరాశ. కొవిడ్ రెండో ఉద్ధృతి నడుమ, 2021 మేలో, మొదటిది 48.5కు పడిపోయింది. రెండోది 96.4 దగ్గర ఆగింది. ఇవాళ ఎంత చితికినా జనం రేపటిని అంత తేలిగ్గా వదులుకోరు. ఆ ఓర్పును అలుసుగా తీసుకుంటున్నది ప్రభుత్వాలే.

తెలంగాణ గ్రూప్-1 ఉద్యోగ నియామకాల కథ చూస్తే చాలు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు ప్రకటన వచ్చింది. అక్టోబరు 16న జరిగిన ప్రిలిమ్స్, ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడటంతో 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. మొదటిసారి తీసుకున్న బయోమెట్రిక్ హాజరును రెండోసారి వదిలేయడం రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ స్వయంకృతం. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటనే పోయి, 563 పోస్టులతో కొత్తది వచ్చింది. దాని ఫలితాలూ కోర్టు మెట్లెక్కాయి.

ఈ దెబ్బ అభ్యర్థి ఒక్కడితో ఆగదు. హైదరాబాద్ చిక్కడపల్లి గ్రంథాలయంలో పొద్దున్నే కుర్చీ పట్టుకుని, అయిదు రూపాయల భోజనానికి వరుసలో నిలబడే యువకుడి వెనక, గది అద్దె పంపే తండ్రి ఉంటాడు. పండక్కి ఊరెళితే ‘ఇంకా చదువుతూనే ఉన్నావా?’ అనే పలకరింపు ఉంటుంది. (అందుకే పండక్కి వెళ్లడం మానేసేవాళ్లూ ఉన్నారు.) ఊళ్లో ఒకరికి కొలువు వస్తే ఫ్లెక్సీ కడతారు, పదిమంది పిల్లలు పుస్తకం పడతారు. అదే ఊళ్లో ఒకరు అయిదేళ్లు చదివి ఉత్తచేతులతో తిరిగొస్తే, ఆ పదిమంది తల్లిదండ్రులు చదువు ఖర్చు గురించి మళ్లీ లెక్కలు వేసుకుంటారు. ఆశ, నిరాశ రెండూ ఇలా ఇరుగుపొరుగు నుంచే అంటుకుంటాయి.

యువతకు సహనం ఉండాలని హితవు చెప్పడం ఇక ఆపాలి. సహనానికేం కొదవ లేదు, కొరవడింది మాట నిలకడ. 2024 ఆగస్టు 2న తెలంగాణ శాసనసభలో, ఏ నియామకం ఎప్పుడో చెప్పే జాబ్ క్యాలెండర్ ప్రకటించారు. అలాంటి ప్రకటన కాగితానికే పరిమితమైతే అసలు లేకపోవడం కంటే చేటు. యూపీఎస్సీ పరీక్ష తేదీలను ముందుగానే ప్రకటిస్తుంది. కొవిడ్, సార్వత్రిక ఎన్నికల వంటి బలమైన కారణం ఉంటే తప్ప సివిల్స్ ప్రిలిమ్స్ తేదీ కదపదు. రాష్ట్ర కమిషన్లకు అది అసాధ్యమేమీ కాదు.

క్యాలెండర్‌కు చట్టబద్ధత కల్పించాలి. తేదీ మారితే కారణాన్ని సభ ముందు రాతపూర్వకంగా పెట్టాలి. ఆలస్యమైన ప్రతి నెలా గరిష్ఠ వయోపరిమితికి దానంతటదే కలవాలి. అందుకోసం అభ్యర్థి మళ్లీ ధర్నాచౌక్‌కు వెళ్లాల్సిన పని ఉండకూడదు.