కొడితే రాదు, నేర్పితే వస్తుంది

వానాకాలంలో గేటు దగ్గర దొరికిన కుక్కపిల్లను మేమంతా ముచ్చటపడి పెంచుకుంటున్నాం. అది వరండాలోనే ఒంటికి, రెంటికి పోతోంది. నెలలోగా మానకపోతే ఊరి బయట వదిలేయాలని వార్డెన్ సారు అన్నారు. అప్పటినుంచి మాలో కొందరు దాన్ని కర్రతో కొడుతున్నారు, ముక్కు పట్టి నేలకు రుద్దుతున్నారు. ఇది తప్పని మా అభిప్రాయం.

మూడు నాలుగు నెలలు నిండేదాకా కుక్కపిల్లకు ఆపుకోవడం సరిగా చేతకాదు. ఎప్పుడో చేసినదానికి ఇప్పుడు కొడితే, ఎందుకు కొట్టారో దానికి తెలియదు. మనల్ని చూసి భయపడి ట్రంకుపెట్టెల వెనక చాటుగా పోవడం మాత్రం నేర్చుకుంటుంది.

నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆడుకున్నాక, రాత్రి ఒకసారి దాన్ని వేపచెట్టు కిందికే తీసుకెళ్లాలి. అక్కడ పోతే వెంటనే మెచ్చుకొని చిన్న అన్నం ముద్ద పెట్టాలి. వరండాలో పోతే వాసన లేకుండా కడగాలి. వాసన ఉంటే మళ్లీ అక్కడికే వస్తుంది. గదులవారీగా వంతులు వేసుకుంటే ఎవరికీ భారం కాదు.

మిత్రులారా! హాస్టల్‌కు వచ్చిన కొత్తలో మనలో ఎంతమందిమి పక్క తడపలేదు? అప్పుడు నవ్వినవాళ్లూ గుర్తున్నారు, ఎవరికీ చెప్పకుండా దుప్పటి ఉతికిపెట్టిన అన్నలూ గుర్తున్నారు. ఈ కుక్కపిల్లకు మనం ఎవరిలా ఉందాం?