ఉద్యమం పాటైంది, సినిమా ఎందుకు కాలేదు?

సికింద్రాబాద్ దాటి ఉత్తరానికి పోవడానికి రెండు పెద్ద తోవలున్నాయి. మేడ్చల్ మీదుగా తూప్రాన్ పోయే జాతీయ రహదారి ఒకటి, శామీర్‌పేట చెరువును ఆనుకొని సిద్దిపేట, కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి ఇంకొకటి. మలిదశ తెలంగాణ ఉద్యమం నడిచింది ఇలాంటి రోడ్ల మీదే. ర్యాలీలు, బంద్‌లు, నడిరోడ్డు మీద వంటావార్పు. ఇవాళ ఈ తోవల పక్కన ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు షూటింగులకు అద్దెకిస్తున్నారు. కెమెరా ఇక్కడిదాకా వచ్చింది కానీ ఈ రోడ్ల కథను మాత్రం పట్టించుకోలేదు.

ఈ తోవలకు సినిమాతో పాత చుట్టరికమే ఉంది. గద్దర్‌గా జనానికి తెలిసిన గుమ్మడి విఠల్‌రావు పుట్టింది తూప్రాన్‌లో. ఆయన సమాధి అల్వాల్‌లో. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ‘మాభూమి’లో ఆయన గొంగడి కప్పుకొని తెరమీదికొచ్చి పాడాడు. కృష్ణచందర్ ఉర్దూ నవల ఆధారంగా తీసిన ఆ సినిమా 1980 మార్చి 23న, భగత్‌సింగ్ వర్ధంతి నాడు విడుదలైంది. అంటే తెలంగాణ సాయుధ పోరాటం ముగిసిన మూడు దశాబ్దాలకు గానీ దానికి తగ్గ సినిమా రాలేదు.

మలిదశ ఉద్యమానికి అంత ఎదురుచూపు అక్కర్లేకపోయింది. ఎన్. శంకర్ ‘జై బోలో తెలంగాణ’ 2011 ఫిబ్రవరిలో, మిలియన్ మార్చ్‌కు నెల రోజుల ముందే వచ్చింది. ఆవేశం పాలు ఎక్కువే. అయినా వేడి చల్లారకముందే తీసిన తెగువ దానిది. అందులోని పాటకు గద్దర్‌కు నంది అవార్డు కూడా వచ్చింది.

మరి ఆ తర్వాత? ‘ఫిదా’ (2017), ‘బలగం’ (2023) తెలంగాణ యాసకు పరువు తెచ్చాయి. అంతకుముందు తెరమీద ఆ యాస ఎక్కువగా రౌడీలకూ హాస్యగాళ్లకే దక్కేది. ఇది చిన్న మార్పేం కాదు. కానీ 42 రోజుల సకల జనుల సమ్మెలో జీతం లేకుండా ఇల్లు నడిపిన ఉద్యోగి భార్య, కొడుకును పోగొట్టుకున్న తల్లి ఇంకా కథలోకి రాలేదు. పాటకు డప్పూ గొంతూ చాలు. సినిమాకు పెట్టుబడి కావాలి, థియేటర్లు కావాలి. రెండు రాష్ట్రాల్లో ఆడాల్సిన సినిమాలో ఈ గొడవ ఎందుకని నిర్మాత వెనకాడతాడు.

మార్కెట్ మాట నిజమే గానీ, అదే అసలు కారణమైతే మనలాగే ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమించిన ఉత్తరాఖండ్ సంగతేమిటి? తెలుగుతో పోలిస్తే అక్కడి గఢ్వాలీ, కుమావొనీ సినిమా మార్కెట్ పిడికెడు. 1994 అక్టోబర్ 2న ఢిల్లీకి బయల్దేరిన ఉద్యమకారులపై ముజఫర్‌నగర్ దగ్గర రాంపూర్ తిరాహాలో పోలీసులు కాల్పులు జరిపారు. 2000లో రాష్ట్రం వచ్చింది. మూడేళ్లకే ఆ ఉద్యమం మీద అనుజ్ జోషి ‘తేరీ సౌం’ తీశాడు.

అంత చిన్న మార్కెట్‌లో వీలైనది ఇక్కడా వీలవుతుంది, ప్రభుత్వం చేయి అందిస్తే. తెలంగాణ ప్రభుత్వం 2025 జూన్‌లో గద్దర్ పేరిట సినిమా అవార్డులిచ్చింది. 2024 ఉత్తమ చిత్రంగా ‘కల్కి 2898 ఏడీ’ని ఎంపిక చేసింది. అది ఎలాంటి సినిమా అన్నది వేరే ముచ్చట. వందల కోట్ల సినిమాకు జ్ఞాపిక లేకపోయినా నడుస్తుంది. ఉద్యమ కథ రాసుకున్న కొత్త దర్శకుడికి షూటింగ్ మొదలుకాకముందే డబ్బు కావాలి, తీశాక నాలుగు వారాలు ఆడించే థియేటర్ కావాలి. గద్దర్ పేరు పెట్టుకున్న ప్రభుత్వం ఏటా అలాంటి ఒక్క సినిమా బాధ్యతైనా తీసుకోవాలి.