బి.కాం. తరువాత ఏ దారి?

జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు - ఈ మాటలన్నియు ఉర్దూ, పారసీల నుండి వచ్చి తెలుగులో స్థిరపడినవి. లెక్కల భాష మన ఉభయులకు ఉమ్మడి సొత్తు. ఆ చనువుతోనే తెలుగు బోధించు నేను వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు రెండు మాటలు మనవి చేయుచున్నాను.

మనవారిలో పలువురు బి.కాం. ముగియగానే, స్నేహితుడు చేరినాడనియో, కళాశాల ఇంటికి దగ్గరనియో ఎం.కాం.లో చేరుదురు. పట్టా పేరును గాక, అది ఏ పనికి అధికారమిచ్చునో చూచి ఎన్నుకొనవలెనని నా అభిప్రాయము.

ఎం.కాం. రెండేండ్ల చదువు, ముఖ్యముగా అధ్యాపకవృత్తికి, పరిశోధనకు మార్గము. అయినను కళాశాలలో అధ్యాపకుడగుటకు ఆ పట్టా ఒక్కటే చాలదు. సాధారణముగా 55 శాతము మార్కులతోపాటు నెట్ గాని సెట్ గాని నెగ్గవలెను. ఇక కంపెనీ లెక్కలను ఆడిట్ చేసి సంతకము చేయు హక్కును 2013 నాటి కంపెనీల చట్టము చార్టర్డ్ అకౌంటెంటుకే ఇచ్చినది. బి.కాం.లో 55 శాతము వచ్చినవారు ఫౌండేషను పరీక్ష లేకుండనే ఇంటర్మీడియట్ దశలో చేరవచ్చును. 2023 నాటి నూతన విధానములో ఆర్టికల్ శిక్షణ మూడేండ్ల నుండి రెండేండ్లకు తగ్గినది. ఆ కాలమున కొద్దిపాటి భృతియు లభించును. కర్మాగారములో వస్తువునకగు వ్యయమును లెక్కగట్టు విద్య కాస్ట్ అకౌంటెన్సీ; కాస్ట్ ఆడిట్ ఆ పట్టము గలవారిదే. ఐసెట్ వ్రాసి చేరు ఎం.బి.ఏ. ఇట్టి సంతకపు హక్కేదియు ఇయ్యదు. ధనవ్యవహారముల నిర్వహణ నేర్పును. దాని ఫలము చదివిన కళాశాలను బట్టి యుండును.

ఒక తారతమ్యము గమనింపుడు. చార్టర్డ్ అకౌంటెన్సీ నెగ్గినవారికి బోధనాద్వారము మూసుకొనదు. 2021లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ ఆ అర్హతను స్నాతకోత్తర పట్టాతో సమానముగా గుర్తించినది. ఎం.కాం. నుండి ఆడిట్‌లోనికి మాత్రము అడ్డదారి లేదు.

అట్లని అందరును అటే పోవలెనని నేననను. ఆ పరీక్షలు కఠినములు. ఎన్నేండ్లు పట్టునో ముందుగా చెప్పజాలము. తండ్రి చిన్న దుకాణముతో సంసారమీడ్చు ఇంట, సంపాదన కొరకు ఎందరో ఎదురుచూచుచుందురు. కావున "ఏ పని చేయగోరుచున్నాను?" అను ప్రశ్నతోపాటు "మా ఇల్లు ఎన్నేండ్లు ఓపిక పట్టగలదు?" అనియు ప్రశ్నించుకొనుడు. ఆడపిల్లలకును ఈ ప్రశ్నలే వర్తించును. దగ్గరి కళాశాల చాలునని వారి తరఫున ఇతరులు నిర్ణయించుట న్యాయము కాదు.

కళాశాల కమిటీ పెద్దలకొక విన్నపము. ఈ వివరములను బి.కాం. మొదటి సంవత్సరముననే విద్యార్థులకు తెలుపు ఏర్పాటు చేయుడు. 55 శాతము విలువ చివరి పరీక్ష ముగిసిన పిమ్మట తెలిసిన ప్రయోజనమేమి?