నడుములో మత్తుసూది
శస్త్రచికిత్సతో కానుపు చేయవలసి వచ్చినపుడు నేడు తఱచుగా నడుములో మత్తుసూది వేయుచున్నారు. అంగలకుదురు వంటి గ్రామములనుండి తెనాలికో గుంటూరికో కానుపునకు పోవు స్త్రీలకును, వెంట పోవు తల్లులకును, అత్తలకును దీనినిగూర్చి యొక భయము కలదు. సూది వెన్నుపాములో దిగినచో కాళ్లు పడిపోవునేమో యని. అట్లడిగినవారిని కసరుటను మేము మెచ్చము. ప్రశ్న న్యాయమైనదే.

వెన్నెముక ఉన్నంత పొడవునను వెన్నుపాము లేదు. గర్భమందు మూడవ మాసమున అది యెముకల గొట్టమును పూర్తిగా నిండియుండును. పిమ్మట ఎముకలు త్వరగా పెరుగును, పాము వెనుకబడును. పుట్టిన శిశువునందు దాని కొన రెండవ మూడవ నడుముపూసల దాపున నుండును. పెద్దలలో సాధారణముగా మొదటి రెండవ పూసల నడుమనే ముగియును. స్త్రీలలో దాని పొడవు ఇంచుమించు 43 సెంటీమీటర్లు. ఆ దిగువ నున్నవి విడివిడి నరములు. జడ యల్లిక ముగిసినచోట క్రిందికి వ్రేలాడు వెండ్రుకలవలె నీటిలో తేలియాడుచుండును. సూది తగిలినను అవి చాలవఱకు ప్రక్కకు జరుగును.

ఈ కొనను కొలుచుట యెట్లు? పూర్వము శవములను కోసి చూచెడివారు. నేడు ఎమ్మారై చిత్రములో ఒక్కొక్క పూసను పై, నడిమి, క్రింది భాగములుగా విభజించి, పూసల నడిమి మెత్తని బిళ్లను వేఱుగా నెంచి, కొన దేనికెదురుగా నున్నదో గుర్తింతురు. 1998లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో 504 మంది పెద్దలను ఇట్లు చూడగా, సగటున కొన మొదటి నడుముపూస క్రింది భాగమున నుండెను. అయితే కొందఱికి అది ఛాతీపూసలలో చివరిదానియొద్దనే ముగియగా, కొందఱికి మూడవ నడుముపూస పైభాగము వఱకు దిగియుండెను. సగటును నమ్మి సూది వేయరాదనుటకు ఇదియే కారణము.

కావున వైద్యుడు రెండు తుంటియెముకల పైయంచులను వ్రేళ్లతో తడవి, వానిని కలుపు గీత నూహించును. అది సుమారు నాల్గవ నడుముపూసమీదుగా పోవును. సూదిని మూడవ నాల్గవ పూసల నడుమనో, అంతకు దిగువనో వేయుదురు. నిండుచూలాండ్రయందును, స్థూలకాయలయందును వ్రేళ్ల యంచనా ఒక పూస మీదికి తప్పవచ్చును. జాగరూకుడైన వైద్యుడు అట్టివారికి క్రింది సందునే యెంచుకొనును. వీలున్నచోట అల్ట్రాసౌండుతో పూసలను లెక్కించును.

వెన్నెముకకు పూర్వము శస్త్రచికిత్స జరిగినను, పుట్టుకతో లోపమున్నను, రక్తము పలుచబడు మందులు వాడుచున్నను, ఆ సంగతి ముందుగానే చెప్పవలెను. సూది దిగునపుడు కాలిలోనికి మెఱుపువలె నొప్పి పాకినచో కదలక, వెంటనే నోట చెప్పవలెను. నెలల తరబడి యుండు నడుమునొప్పికి ఈ సూదియే కారణమని పరిశోధనలలో తేలలేదు. తలనొప్పి మాట వేఱు. కూర్చున్నపుడు హెచ్చి, పండుకొన్నపుడు తగ్గు తలనొప్పి కొందఱికి వచ్చును. దానికి చికిత్స కలదు. కొన్ని గంటలలో మత్తు దిగి కాళ్లు కదలవలెను. కదలనిచో తెల్లవాఱు వఱకు ఓర్చుకొనక, ఆ రాత్రియే నర్సును పిలువవలెను.