చర్లపల్లి బిళ్ల మీద తెలుగు ఏది?

ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బులు కట్టడం అలవాటయ్యాక జేబులో చిల్లర ఉండటం మానేసింది. అయినా ఇంట్లో ఏదో ఒక డబ్బాలో రూపాయి, రెండు రూపాయల బిళ్లలు నాలుగైనా దొరుకుతాయి. ఒకటి తీసి, సంవత్సరం ముద్రించిన చోట కింద చూడండి. బుల్లి నక్షత్రం ఉంటే అది మన ఏరియా సరుకే. ఉప్పల్, నాచారం వాళ్లు మల్లాపూర్ మీదుగా వెళ్తే వచ్చే చర్లపల్లి టంకశాలలో తయారైంది. చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబై, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా.

ఈ టంకశాల నిజాంలది. 1903లో సైఫాబాద్‌కి వచ్చింది, 1950లో కేంద్రం చేతికి వెళ్లింది, 1997లో చర్లపల్లికి మారింది. ఇంత చరిత్ర ఉన్నా, మామూలు బిళ్ల మీద మన ఊరికి మిగిలింది ఆ నక్షత్రం ఒక్కటే. అది కూడా భూతద్దం పెట్టి వెతకాలి.

మన క్లాస్‌మేట్లు సగం మంది వెళ్లిన అమెరికాలో కథ వేరు. 1997లో అక్కడ ఒక చట్టం చేశారు. దాని ప్రకారం 1999 నుంచి 2008 వరకు ఏడాదికి ఐదు చొప్పున 50 రాష్ట్రాల పేరు మీదా పావు డాలర్ నాణేలు వచ్చాయి. ఏ రాష్ట్రం దేశంలో ముందు చేరితే దానికి ముందు. అందుకే మొదటిది డెలావేర్, చివరిది హవాయి. బొమ్మ ఏముండాలో ఐడియా పంపింది రాష్ట్రాలే. చివరి ఆమోదం మాత్రం కేంద్ర ఖజానా శాఖది.

ఎవరికి నచ్చింది వాళ్లు పెట్టుకున్నారు. జార్జియా పీచ్ పండు, టెక్సాస్ ఒంటరి నక్షత్రం, విస్కాన్సిన్ ఆవు, చీజ్, మొక్కజొన్న. మనవాళ్లు గుంపులుగా ఉండే న్యూజెర్సీ అయితే డెలావేర్ నది దాటుతున్న వాషింగ్టన్ పడవని ఎంచుకుంది. ఇవి అద్దాల పెట్టెలో దాచుకునే నాణేలు కావు. కాఫీ కొంటే చిల్లరగా చేతికొచ్చేవి.

నాకు వీటిలో బాగా నచ్చినవి రెండు. 2003లో వచ్చిన అలబామా నాణెం మీద హెలెన్ కెల్లర్ ఉంది. ఆమె పేరు ఇంగ్లిష్‌తో పాటు బ్రెయిలీలో కూడా ఉంది. 2008 హవాయి నాణెం మీద ఆ రాష్ట్ర నినాదం హవాయి భాషలో ఉంది. 24 మిల్లీమీటర్ల బిళ్ల మీద కూడా, మనసుంటే, ఇంకో లిపికీ ఇంకో భాషకీ చోటు దొరికింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన రాజ్యాంగం ప్రకారం నాణేలు పూర్తిగా కేంద్రం పని. రాష్ట్రాల వారీగా సిరీస్ లేదు. 1964లో నెహ్రూ నాణెంతో మొదలుపెట్టి మనుషులకీ, సంస్థలకీ, సందర్భాలకీ స్మారక నాణేలు వేస్తున్నారు. అలా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము చేతుల మీదుగా ఎన్టీఆర్ శతజయంతి 100 రూపాయల నాణెం విడుదలైంది. 44 మిల్లీమీటర్ల వెడల్పు, సగం వెండి, మిగతాది రాగి, నికెల్, జింకు. తయారైంది మన హైదరాబాద్ టంకశాలలోనే. ధర నాలుగు వేలు దాటినా జనం ఎగబడి కొన్నారు.

ఒక వైపు మూడు సింహాలు, ఇంకో వైపు పెద్దాయన ముఖం. చుట్టూ ఉన్న పేరు మాత్రం హిందీలో. తెలుగువాళ్ల ఆత్మగౌరవం అంటూ 1982లో పార్టీ పెట్టి, దాని పేరులోనే తెలుగుని ఉంచుకున్న మనిషి నాణెం మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. తెలుగు నేల మీద కొట్టిన బిళ్ల, తెలుగువాడి బిళ్ల, కొన్నది తెలుగువాళ్లు. అక్షరాలు మాత్రం మనవి కావు.

"రూల్స్ అంతే బాస్" అంటారా? దాదాపు ఏడాది తర్వాత, 2024 ఆగస్టు 18న చెన్నైలో కరుణానిధి శతజయంతి నాణెం విడుదలైంది. అదే 100 రూపాయలు, అదే కేంద్ర ప్రభుత్వం. దాని మీద 'తమిళం గెలుస్తుంది' అనే అర్థం వచ్చే మాట తమిళ లిపిలోనే ఉంది. అంతకు ముందు 2009లో వచ్చిన అన్నాదురై ఐదు రూపాయల బిళ్ల మీద ఆయన తమిళ సంతకం ఉంది. అంటే దారి ఉంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే హిందీ అనేది డిఫాల్ట్ సెట్టింగ్. మార్చుకునే ఆప్షన్ ఉంటుంది, కానీ ఎవరో ఒకరు వెళ్లి మార్చాలి.

చోటు చాలదన్న మాట కూడా నిలబడదు. ఎడ్వర్డ్, జార్జ్ రాజుల కాలంలో అంచులు వంకీలు తిరిగిన అణా బిళ్ల ఉండేది. అందులో ఇంగ్లిష్, హిందీ, ఉర్దూ, బెంగాలీతో పాటు తెలుగులోనూ విలువ రాసేవాళ్లు. నిజాం కాగితం నోట్ల మీదా తెలుగు ఉండేది. ఇప్పటి నోట్ల వెనక కూడా తెలుగు వరస ఉంది. బిళ్ల మీదికి వచ్చేసరికే మాయమైంది.

తెలంగాణకి ఒక నాణెం ఇస్తామంటే బొమ్మ మీద మనం కొట్టుకుంటాం, అది నాకూ తెలుసు. 2024లో రాష్ట్ర చిహ్నం నుంచి చార్మినార్, కాకతీయ తోరణం తీసేస్తారన్న వార్తకే ఎంత గొడవైందో, మార్పు ఎలా వాయిదా పడిందో చూశాం. నిజాంల బిళ్లల మీద కూడా చార్మినారే. ఆ గుమ్మంలో తమ పేరు మొదటి అక్షరం పెట్టుకున్నారు వాళ్లు: మహబూబ్‌కి 'మీమ్', ఉస్మాన్‌కి 'ఐన్'. బొమ్మ ఎవరిదైనా, అక్షరం తమది ఉండాలని రాజులకి తెలుసు.

బొమ్మ మీద వంద అభిప్రాయాలు ఉండొచ్చు. లిపి మీద మనకి గొడవ లేదు. ఆదిలాబాద్ అయినా అనకాపల్లి అయినా 'అ' ఒకటే. కాబట్టి ఈసారి మనవాళ్ల శతజయంతికి నాణెం కావాలని ఢిల్లీకి లెటర్ పెట్టే ఎంపీలు, కుటుంబాలు, అభిమాన సంఘాలు అందులో ఇంకో వాక్యం కూడా రాయాలి: పేరు తెలుగులో ఉండాలి అని. డిజైన్ గెజిట్‌లోకి ఎక్కకముందే అడగాలి. అచ్చు తయారయ్యాక అడిగితే ట్వీట్లు తప్ప ఏమీ మిగలవు.